గొంతులో నిలిచిన హోల్డాన్

కర్నూలు మునిగిన ఏటికి పదిహేనో ఏడు అది. ఆ ఏడు వానలు ఊరించి ఊరించి, చివరికి రెండు రోజుల్లో అంతా కుమ్మరించి పోయాయి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకుని నందికొట్కూరు వైపు తిరిగొస్తున్న క్రూజర్ బండిలో పదిమంది ఉన్నారు. డ్రైవరు దావీదురాజు పక్కన ఈరప్ప. డెబ్భై దాటిన మనిషి. వెనక సీటులో ఆయన కూతురు మధులత, హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆమె పక్కన ఇరుగింటి గిడ్డమ్మ.

మధులత ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని మరునాటి పాఠం రాసుకుంటోంది.

"నాయనా, రేపు పిల్లోళ్ళకు నీకొచ్చిన ఇంగ్లీషు మాటే చెప్తాండా. హోల్డాన్."

మధులత రాసుకుంటూనే చెప్పుకుపోయింది.

"బండి నిలపమనేదొక్కటే మనోళ్ళకు తెల్సు. దాంట్లో శానా ఉండాయి. గట్టిగా పట్టుకోమని ఒకటి. కొంచేపు ఆగమని ఒకటి. ఫోను పెట్టేయకుండా ఉండమని ఒకటి. కష్టమొస్తే తట్టుకుని నిలబడమని ఇంకొకటి. మొట్టమొదట్లో హోల్డంటే పశువులు కాయడమంట నాయనా, వందల ఏండ్ల కిందట."

"అట్లయితే మీ నాయన అప్పుడే ఇంగ్లీషోడు," అంది గిడ్డమ్మ. "మూడో తరగతి ఇడిసిపెట్టి బర్రెలు కాసింది ఆయప్పే గదా!"

బండంతా నవ్వింది.

"లారీ క్లీనరుగా ఉన్నెప్పుడు ఎన్నిసార్లు అరిసింటావో! ఎవరు నేర్పిచ్చినారు నాయనా? చెప్తే రాసుకుంటా," అంది మధులత.

"తెలీదు," అన్నాడు ఈరప్ప.

"ఒక్క మాటే. రెండో మాటకు దుడ్లు అడుగుతాడేమో," అంది గిడ్డమ్మ.

తెలియకేం. నేర్పింది లాల్ అహమ్మద్. "రానీ అంటే వస్తా, హోల్డాన్ అంటే నిలబడతా. నీ నోరే నా బ్రేకు రా ఈరా," అనేవాడు ఆ డ్రైవరు. రోడ్డు మీద వంక నీళ్ళు పారుతుంటే క్లీనరు దిగి ముందు నడవాలి. కాలితో రోడ్డు అంచు తడుముకుంటూ లారీని పిలుచుకుపోవాలి. నలభై ఎనిమిదేళ్ళ కిందట కడప దారిలో ఒక వంకలో అట్లాగే నడిచాడు ఈరప్ప. కాలి కింద రోడ్డు అయిపోయింది. నోరు తెరిచాడు. భయానికి మాట రాలేదు. వేరుశనగ బస్తాల లారీ ఆయన పక్కనుంచే పోయి నీళ్ళలో ఒరిగింది. లాల్ అహమ్మద్ మూడో నాడు ముళ్ళపొదలో దొరికాడు.

అరిచాను, నీళ్ళ హోరులో వినపడలేదేమో అని ఈరప్ప అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు. ఆ తర్వాత ఆయన లారీ ఎక్కలేదు, ఆ మాట పలకలేదు. బస్సు దిగాలన్నా చేత్తో రేకు మీద కొట్టేవాడు.

బండి ఆగింది. ముందు వంక. వంతెన లేని చోట వంకలోనే వేసిన కాజ్వే రోడ్డు మీద ఎర్రనీళ్ళు అడ్డంగా పారుతున్నాయి.

"మోకాలి లోతే," అన్నాడు దావీదురాజు. "ఇప్పుడే గదా ట్రాక్టరు పాయ. దాటొచ్చిన వెనక వంక గూడా పొంగుతాండాది. ఈడ్నే కూచుంటే రెంటి మధ్యన ఇరుక్కుంటాం."

"పోనీరాదా డ్రైవరన్నా," అన్నారెవరో వెనకనుంచి. దావీదురాజు గేరు వేశాడు.

ఈరప్ప తలుపు తీసుకుని దిగాడు. "నేను ముందర నడుస్తా."

"ఈ వయసులో యాడికి పెద్దాయనా?"

ఆయన గిడ్డమ్మ చేతికర్ర తీసుకుని, పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. తను దిగకపోయినా దావీదురాజు బండి పోనిస్తాడు. బండిలో కూతురుంది. కాళ్ళను ఆయన నమ్మగలడు. గొంతునే నమ్మలేడు.

చెయ్యి ఊపుతూ నడిచాడు. వెనక ఇంజను వేడి వీపుకు తగులుతోంది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఎడమ కాలికి రోడ్డు అంచు తగులుతోంది. ఇంకో అడుగు. ఇంకో అడుగు.

కర్ర దిగిపోయింది. నేల తగల్లేదు. చేతిలోంచి జారి కొట్టుకుపోయింది.

ఈరప్ప చెయ్యెత్తాడు. బండి ఆగలేదు. పదిమంది ఊపిరికి అద్దం మసకబారి, దావీదురాజు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. చెయ్యి వాడికి కనపడలేదు. ఈరప్ప నోరు తెరిచాడు. గొంతు మూసుకుపోయింది. అదే హోరు, అదే ఎర్రనీళ్ళు. బంపరు వెనక తొడలకు ఆనింది.

"నాయనా!" అంది మధులత, కిటికీలోంచి తల బయటపెట్టి.

"హోల్డాన్!"

ఆ కేక తనదేనని ఈరప్ప కూడా వెంటనే పోల్చుకోలేదు. బ్రేకు పడింది. బండి ఊగి నిలిచింది. ఆ ఊపుకు కాలి కింద తారు పెళ్ళ విరిగి ఈరప్ప నడుముదాకా దిగిపోయాడు. చేతికందిన బంపరు కడ్డీని పట్టుకున్నాడు. నీళ్ళు కాళ్ళను పక్కకు గుంజుతున్నాయి.

"హోల్డాన్ నాయనా! ఇడ్సొద్దు! ఇడ్సొద్దు!" కూతురు అరుస్తూనే ఉంది.

ఆయన విడవలేదు. దావీదురాజు బండిని వెనక్కి తీశాడు. కడ్డీ పట్టుకున్న ఈరప్పను బండే నీళ్ళలోంచి ఈడ్చుకొచ్చింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. గట్టు మీదికి వచ్చాక ఆయన వేళ్ళను కడ్డీ నుంచి ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"నేను సూడలే పెద్దాయనా," అంటూ దావీదురాజు తలపట్టుకుని కూచున్నాడు. గిడ్డమ్మ తన చెంగుతో ఈరప్ప తల తుడిచింది.

మిట్ట మీది పల్లెవాళ్ళు ఆ రాత్రికి వాళ్ళకు బడి వరండా చూపించి, ఇంత సంగటి పెట్టారు. మధులత తండ్రి మోకాళ్ళకు పసుపు అద్దుతోంది. ఈరప్ప అడగకుండానే మాట్లాడాడు.

"లాల్ అహమ్మద్ నేర్పిచ్చినాడు. ఆ పొద్దు నేను అరవలేదు పాపా. అరిసినానని అందరికీ అబద్ధం జెప్తి."

ఆమె పసుపు అద్దుతూనే ఉంది. నోటుబుక్కు బండిలోనే ఉండిపోయింది.

మరునాడు పొద్దున్నే, బండిలోవాళ్ళు ఇంకా లేవకముందే, ఈరప్ప ఆ ఇంటా ఈ ఇంటా అడిగి ఒక మచ్చుకత్తి తెచ్చుకుని వంక దగ్గరికి కుంటుకుంటూ పోయాడు. నీళ్ళు తగ్గిపోయాయి. కాజ్వేలో ఎడమవైపు సగం లేదు. తన పాదం ఆగిన చోటు చూశాడు. తర్వాత తుమ్మకంప నరికి రోడ్డుకు అడ్డంగా ఈడ్చాడు. రెండో కంప నరుకుతుండగా పాలక్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలు మలుపు తిరిగి వేగంగా దిగుతూ వచ్చింది.

"హోల్డాన్!" అని అరిచాడు ఈరప్ప.

బండి ఆగింది. ఆయన మూడో కంప కోసం గట్టెక్కాడు.