తిరిగొచ్చిన ఛార్జర్

నరసరావుపేటలో సెల్‌ఫోన్ సామాన్ల కొట్టు వెంకటాద్రిది. అక్కడ అమ్ముడుపోనిదేదైనా ఇంటికి చేరాల్సిందే. వృథా అనే మాటే ఆయనకు గిట్టదు.

"మనిల్లేమన్నా మీ కొట్టుకు చెత్తబుట్టా ఏంది?" అనేది భార్య నాగరత్నమ్మ.

నూజెండ్ల నుంచి పుల్లమ్మ ఓ ఛార్జర్ వెనక్కి తెచ్చింది. "పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాంది శెట్టిగారూ!" గొడవెందుకని వేరే రకం ఇచ్చి పంపాడు. ఆమె వెళ్లాక దాన్ని ప్లగ్గుకు పెట్టి, వైరు కొసను నాలుకకు ఆనించుకున్నాడు. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. అందుకే ఏమీ తెలియలేదు. ఐదు వోల్టులేగా అనుకుని ఇంటికి తెచ్చాడు.

మర్నాడు పొద్దున ఫోను పీక్కుని, స్విచ్ ఆపకుండానే కొట్టుకు వెళ్లాడు. వైరు నేలదాకా వేలాడుతోంది. అప్పుడే తుడిచిన నేల ఇంకా తడిగా ఉంది. పది నెలల మనవరాలు సాయిశ్రీ పాకుతూ వెళ్లి కొస నోట్లో పెట్టుకుంది. కేక విని కోడలు వాసంతి వచ్చి ప్లగ్గు లాగేసరికి పెదవి మూల తెల్లగా కాలిపోయింది.

"నాసిరకం ఛార్జర్ లోపల చెడితే ఇంటి కరెంటే కొసదాకా వస్తుంది," అన్నాడు డాక్టరు. "మంచిదైనా చొంగ తడికి నోరు కాలొచ్చు. వాడగానే వైరుతో సహా తీసి పైన పెట్టాలి. వారం పదిరోజుల్లో పక్కు ఊడుతుంది. రక్తం చిమ్మితే పెదవిని రెండువేళ్లతో నొక్కిపట్టి తీసుకురండి."

"ఆ ఛార్జర్ కొత్తదేగా మావయ్యా?" అంది వాసంతి ఇంటికొచ్చాక.

అవునంటే పరువు దక్కుతుంది. కానీ అలాంటి సరుకు ఏ గదిలో ఎంతుందో ఆయనకే గుర్తులేదు. అన్నీ వెతికి తియ్యాలంటే నిజం చెప్పాల్సిందే.

"కాదమ్మా. జివ్వుమంటాందని ఒకావిడ తిరిగిచ్చింది."

"ఊళ్లోవాళ్లకు పనికిరానిది నా బిడ్డకు పనికొచ్చిందా?"

ఆయన గదిగదీ వెతికి నాలుగు ఛార్జర్లు తీసి సుత్తితో పగలగొట్టాడు. వాసంతి అటు చూడనైనా లేదు. పాపను కనిపెట్టుకుని ఉండే వంతుల్లో ఆయనకు చోటివ్వలేదు.

తొమ్మిదో రోజు పాలు తాగుతుండగా పక్కు ఊడింది. రక్తం గౌను మీదికి కారింది. వెంకటాద్రి చెప్పుల్లేకుండానే పరుగెత్తి ఆటో తెచ్చాడు. వాసంతి పెదవిని నొక్కిపట్టి ఎక్కింది. మార్కెట్ దగ్గర బళ్లు అడ్డంపడి ఆటో ఆగింది. రక్తానికి జారుతున్న వేళ్లను ఆమె సర్దుకుంది.

"కాసేపు నేను పట్టుకుంటానమ్మా."

"వద్దు మావయ్యా. మీరు ముట్టుకోమాకండి."

ఆయన దిగి, దారిమ్మంటూ బళ్లవాళ్లను బతిమాలుతూ ఆటో ముందు నడిచాడు.