రిబ్బన్ల పిన్ని చూడని ఫైనల్

పిన్ని ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో తడివేలితో చూసి, ఎర్ర రిబ్బను మీద పాత గుడ్డ పరిచి మెల్లగా నొక్కింది. పట్టు రిబ్బను, వేడి నేరుగా తగిలితే ముడుచుకుపోతుంది. ఎర్రది అయ్యాక నీలం. ఈ సాయంత్రం ఆడవాళ్ళ జాతీయ ఫుట్‌బాల్ కప్పు ఫైనల్లో ఎర్ర జెర్సీలు గెలుస్తాయో నీలం జెర్సీలు గెలుస్తాయో ఆమెకు అనవసరం. రెండూ సిద్ధంగా ఉండాలి. గెలిచినవాళ్ళ రంగు కప్పు పిడులకు ఎక్కుతుంది, ఓడినవాళ్ళది డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. ఫుట్‌బాల్ సంఘం ఆఫీసులో ఆమె అసలు ఉద్యోగం జెర్సీల స్టోరు చూసుకోవడం, చిరిగినవి కుట్టడం. కానీ ఏడాదికి ఒక్కరోజు చేసే పనే పేరైపోయింది. చిన్నా పెద్దా అందరికీ ఆమె రిబ్బన్ల పిన్ని.

వదిన ఫోను చేసింది. అన్న పోయాక పిన్నికి మిగిలిన చుట్టరికం ఆ ఫోనొక్కటే.

"ఆయాసం తగ్గిందా? డాక్టరుకి చూపించుకోమంటే వినవు కదా."

"రేపు వెళ్తాను వదినా. ఇవాళ ఫైనలు."

"నువ్వే వెళ్ళి గోలు కొట్టాలన్నట్టు చెప్తావేంటి. ఇన్నేళ్ళుగా పోతున్నావు, ఒక్కసారైనా ఎవరైనా గెలుస్తుంటే కళ్ళారా చూశావా?"

"ఇవాళ చూస్తాను."

వదిన నవ్వింది. పిన్ని నవ్వలేదు.

వదిన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మొట్టమొదటి ఫైనలు ఒక నూలుమిల్లు వెనక ఖాళీ జాగాలో జరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆడేవాళ్ళ అమ్మలూ అక్కలూ, పనిలేక ఆగిన కొందరు మగవాళ్ళు. ఆ మగవాళ్ళు కూడా నవ్వుకోవడానికే ఆగారు, మొహమాటం దేనికి. జెర్సీలు కుట్టిన దర్జీ దుకాణంలో పిన్ని అప్పుడు కాజాలు కుట్టే పిల్ల. కప్పు మరీ బోసిగా ఉందని ఎవరో అంటే, రెండు జట్ల జెర్సీల్లో మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి పేలికలు కత్తిరిస్తూ కూర్చుంది. అలా తల వంచుకుని ఉన్నప్పుడే గెలుపు గోలు పడింది. ఆ జాగాలో దాన్ని చూడనిది ఆమె ఒక్కతే.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయి కూర్చుంది. గడ్డి పాడవుతుందని ఆడవాళ్ళకు మైదానం తాళం తీయని ఏడాది, ఒక బడి ఆవరణలో వానలో ఆడారు. ఆమె వరండాలో మూలన కూర్చుని కట్టింది. మగవాళ్ళ ఆట ఉంది, త్వరగా కానివ్వండని తరిమిన ఏళ్ళలో బస్సులో కట్టింది. ఇప్పుడు పెద్ద స్టేడియం, నిండా జనం, టీవీవాళ్ళు. ఆమెకు మాత్రం మెట్ల కింద కిటికీ లేని గది. ఆట చివరికొచ్చేసరికి కేకలు ఎటువైపు నుంచి వస్తున్నాయో విని, ఆ జట్టు రంగు కడుతుంది. ఒకసారి కట్టేశాక అవతలివాళ్ళు గోలు కొట్టారు. ముడి విప్పలేక పళ్ళతో లాగింది. అప్పటినుంచి ఆఖరి విజిల్ దాకా కప్పు పక్కనుంచి కదిలితే ఒట్టు. గెలుపంటే ఆమెకు నెత్తిమీద సిమెంటు అదరడమే.

వచ్చే ఏడాది నుంచి ఈ తంటా ఉండదు. నొక్కితే అతుక్కునే రిబ్బన్లు వస్తాయట. పిన్ని ఉద్యోగానికి కూడా ఈ నెలాఖరే ఆఖరు. ఆ సంగతి కార్యదర్శి చెప్పినప్పుడు ఆమె కోరింది ఒక్కటే: ఈసారి పైన కూర్చుని చివరిదాకా చూడనివ్వమని. ఆ మాట ఎవరిదో ఆస్తి రాసిమ్మన్నంత బిడియంగా అడిగింది. కార్యదర్శి ఒకప్పుడు ఈ కప్పు ఎత్తిన కెప్టెనే.

"అయ్యో పిన్నీ, ఈ మాత్రానికి అడగాలా? ముడి నేను వేస్తాలెండి. మీరు హాయిగా చూడండి."

సాయంత్రం మెట్లెక్కడానికే రెండుసార్లు ఆగాల్సొచ్చింది. పక్క సీట్లో ఒక తల్లి గోళ్ళు కొరుక్కుంటోంది.

"మీరెవరి తరఫండీ?" అని అడిగింది.

"ఎవరి తరఫూ కాదమ్మా. చివర చూద్దామని వచ్చాను."

"నాకైతే చివరంటేనే భయం. ఎర్ర జట్టు గోల్‌కీపరు మా అమ్మాయే."

"భయమెందుకు? ఎవరోడినా వాళ్ళ రిబ్బను కూడా ఇస్త్రీ చేసే ఉంది."

ఆ తల్లికి ఏమీ అర్థం కాలేదు, అయినా తల ఊపింది.

పిన్ని చూస్తూ ఉండిపోయింది. పిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు, మోకాళ్ళ మట్టి దులుపుకుని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. చెరో గోలు అయ్యాక అంతటా నిశ్శబ్దం. కింద గదిలో ఆ నిశ్శబ్దం వినబడ్డప్పుడల్లా ఆట ఆగిందనుకునేది. ఇంతమంది ఊపిరి బిగబట్టడమా అది! ఇన్నేళ్ళూ ఇదంతా తన నెత్తిమీదే జరిగిందని ఆమెకు ఏడుపొచ్చింది. ఇలా ఉందీ అని చెప్పుకోవడానికి తన మనిషంటూ పక్కన లేకపోవడం అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది.

ఆట ముగియవస్తుండగా ఎర్రజట్టు పిల్ల బంతిని తలతో పొడిచింది. వల ఊగింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. పిన్నీ లేచింది. అందరి మొహాలూ మైదానం వైపు, ఆమె కాళ్ళు మెట్ల వైపు. సీటు మీద కర్చీఫు వేసి, "ఇప్పుడే వస్తానమ్మా, కాస్త చూస్తూ ఉండండి," అంది.

కింద కార్యదర్శి ఎర్ర రిబ్బనుతో కుస్తీ పడుతోంది.

"పిన్నీ! మీరు పైన కదా ఉండాలి?"

"అలా కడితే ఎత్తగానే జారిపోతుంది. ఇటివ్వు."

విప్పింది. రెండు పిడులకూ కట్టింది, కొసలు సమంగా లాగింది. కార్యదర్శి కప్పు పట్టుకుని, "ఇంకా టైముంది, మీరు పైకి పరిగెత్తండి," అంటూ వెళ్ళిపోయింది. వెళ్ళాలనే పిన్ని గుమ్మం దాకా నడిచింది. మెట్లు చూస్తే ఊపిరి అందలేదు. ఒక్క క్షణం కూర్చుని వెళ్దామని కుర్చీలో కూలబడింది. నెత్తిమీద సిమెంటు అదిరింది. ఎర్రవాళ్ళ వైపే.

కప్పు ఎత్తిన సంబరమయ్యాక కార్యదర్శి కబురు చెబుదామని వచ్చేసరికి పిన్ని అలాగే కూర్చుని ఉంది. రెండుసార్లు పిలిచి, చల్లబడిన చెయ్యి పట్టుకుని, కార్యదర్శి నేలమీద కూర్చుండిపోయింది.

పైన గోల్‌కీపరు తల్లి, ఆట అయ్యేదాకా ఎవరు వచ్చినా "మనిషి ఉన్నారండీ, వస్తారు," అని ఆపుతూనే ఉంది. విజిల్ మోగాక ఇక ఆగలేక కూతురి దగ్గరికి పరిగెత్తింది. జనం దిగిపోయారు. ఊడ్చేవాళ్ళు పై వరస నుంచి మొదలుపెట్టారు. మధ్య వరసలో ఒక సీటు మీద తెల్ల కర్చీఫు, గాలికి ఎగిరిపోకుండా ఒక కొస సందులోకి దోపి ఉంది.