పైవరస టమాటాలు

"క్యాబేజీ ఆకు ఇంకా సన్నగా చుట్టు. కైరో వాళ్ళు నీ బొటనవేలంత లావు చుట్టలు తింటారా?" అంది మా అత్తయ్య, పొద్దున్నుంచి నాలుగోసారి. కైరో వాళ్ళంటే ఇద్దరే. ఎగుమతి కంపెనీ నుంచి మేడమ్ నెవీన్, ఆమె డ్రైవరు. ఆ ఇద్దరికీ రెండు బాతులు, ఒక టర్కీకోడి, ములుఖియా ఆకుకూర, పెద్ద గిన్నెడు అన్నం, బియ్యం కూరిన ఈ క్యాబేజీ చుట్టలు. పళ్ళెం అడుగు కనిపిస్తే ఇంటి పరువు పోతుందట. వాళ్ళొచ్చేది పంట పారబోయకుండా వ్యాపారం ఎలా చేయాలో మాట్లాడటానికి అత్తయ్యా, అన్నాను. "బాతుకూ దానికీ ఏం సంబంధమే" అంది. ఏమీ లేదు. ఉన్నా చుట్టేది నేనే కదా.

మా ఊరు ఎస్నాలో చలికాలమంతా టమాటాలే. మా ఆయన బహ్గత్ మిట్టమధ్యాహ్నం కోయించేవాడు, ఖర్జూరపు మట్టల పెట్టెల్లో కుక్కించేవాడు. మట్టల అంచులు కాయల్ని కోసేవి. లారీ కైరో చేరేసరికి పెట్టెకు మూడోవంతు రసమై కారిపోయేది. "అల్లా రాసిపెట్టింది" అనేవాడు. అల్లా ఏం రాయలేదు, నువ్వు ఎండలో కోయించావు. పొద్దున్నే కోద్దామని, నీడన పెడదామని, ప్లాస్టిక్ పెట్టెలు తెద్దామని, లారీ దాకా ఆగలేని పండ్లను వరుగులు చేద్దామని చెప్పింది నేను. మొదటి ఏడు నవ్వాడు. రెండో ఏడు "నీ సరదా, కానీ" అన్నాడు. కాయలు రెండు చెక్కలుగా కోసి, ఉప్పు చల్లి, వలల మీద పరిచి, సాయంత్రం మంచు పడకుండా కప్పి, పొద్దున్నే తిరగేసి, ఆ ఉప్పుకు నా వేళ్ళ సందులు పగిలిపోయాయి. మూడో ఏడు వచ్చేసరికి కాఫీ కొట్టు దగ్గర ఆయన "నా వరుగులు" అంటున్నాడని పక్కింటావిడ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది.

ఈరోజు కంపెనీతో ఒప్పందం. సంతకం చేసినవాళ్ళకే కొత్త షెడ్డు, చల్లగది తాళాలు. కోత ఎప్పుడో, పనిలోకి ఎవరో చెప్పేది వాళ్ళే. నా పేరు కూడా పెట్టమని అడిగాను. "ఒకే ఇల్లు కదా, ఎవరి పేరైతే ఏంటి" అన్నాడు. అయితే నాదే పెట్టు అన్నాను. "ఊళ్ళో మగాళ్ళంతా నా పెళ్ళాం పేరు చదవాలా?" అన్నాడు. మా వైపు మగాళ్ళు పరాయివాళ్ళ ముందు భార్య పేరు పలకరు. పదిహేడేళ్ళుగా నేను "మా ఇంట్లోవాళ్ళు". ఒక్కదాన్నే ఇంతమందిని.

బాతు పళ్ళెం పట్టుకుని ముందుగది గుమ్మంలోకి వచ్చేసరికి మేడమ్ నెవీన్ వరుగుల నమూనా పెట్టెలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. నిన్న ఆ పెట్టె నేనే నింపాను, పైనా కిందా ఒకే రకం. ఆమె గుప్పిట్లో వచ్చినవి నల్లగా, తడితడిగా ఉన్నాయి. మేకల కోసం నేను పక్కన పడేసినవి. నాకు చప్పున అర్థమైంది. ఈయన పొద్దున పెట్టె మళ్ళీ సర్దాడు. పైవరసలో ఎర్రనివి, అడుగున తాలు. సంతలో అందరూ చేసేదే, కొనేవాళ్ళకూ తెలిసిందే, అలా పేర్చకపోతే సరుకు మీద ప్రేమ లేదనుకుంటారు.

"ఇది ఎవరు సర్దారండీ?" అంది నెవీన్.

బహ్గత్ తలపాగా సరిచేసుకున్నాడు. "నేను కాదు మేడమ్. కోయడం, ఎండబెట్టడం, సర్దడం... అంతా సనియ్యా. ఇదంతా మొదట్నుంచీ సనియ్యా పనే. నాకసలు ఈ వరుగుల సంగతే తెలీదు."

నా పేరు. తప్పు మోయడానికి గానీ ఆ నోట రాలేదు. ముందు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళి, నేను కట్టి ఉంచిన వరుగుల బస్తా ఈడ్చుకొచ్చి ఆవిడ ముందు మూతి విప్పాను.

"ఆ పెట్టె సర్దింది నేను కాదు మేడమ్. ఇది నేను కట్టింది. అడుగు దాకా చూడండి."

ఆవిడ అడుగు దాకా చూసింది. తీసినవన్నీ ఎర్రగా, పొడిగా ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"మరి కాగితాలన్నీ బహ్గత్ గారి పేరు మీద రాసుకొచ్చామే" అంది నెవీన్.

"మార్చి రాయండి" అన్నాను. "ఈ వరుగుల సంగతే తనకు తెలీదని ఆయనే చెప్పారుగా."