ఎర్రగీత కుడివైపు

ఉదయం పదకొండింటికి రాతి నమూనాల షెడ్డులో, రెండువేల ఎనిమిది వందల మీటర్ల లోతు నుంచి తీసిన సున్నపురాయిలో మా ఆవిడ దగ్గుతోంది. మంగతాయారు పోయి నాలుగేళ్లు. నేను పుస్తకంలో లోతు, రంగు, దగ్గు రాస్తాను.

ఆ దగ్గు నాకు తెలుసు. చుట్టాల ముందు ఒకసారి, "ఈయనతో కంటే గోడతో మాట్లాడ్డం నయం" అంది. నేను మాటలు మానేశాను. ముందు నేనే పలకాలని పదకొండు రోజులు తలుపు వెనక ఇలాగే దగ్గింది. పన్నెండో రోజు దగ్గలేదు.

నేలలో నూనె జాడ వెతికే జియాలజిస్టు కస్తూరి రాయి అంచును నాలుకతో తడిపి భూతద్దం పెడుతుంది. తడిస్తేనే రాతిలో గింజలాంటి రేణువు కనిపిస్తుంది.

"లోపల గదులున్నాయి బాబాయ్. తలుపుల్లేవు. నూనె ఉన్నా బయటికి రాదు."

"మనిషైతే?"

"మనిషైనా అంతేనండి. యాసిడ్ పోస్తే దారి పడుద్ది. పలకరించినా పడుద్దేమో గానీ, అది మీవల్ల అయ్యే పనా?"

"ముందు ఆవిడనే పలకమనండి."

యాసిడ్ సీసా వంచుతాను. రాయి బుసబుసమని పొంగి తలుపంత తెరుచుకుంటుంది. ఇద్దరం లోపలికి వెళతాం. అవతల ఇదే షెడ్డు, ఇదే బల్ల, కొంచెం చిన్నవి. వెనక దారి పూడిపోతుంది. మళ్లీ పోస్తాను. ఇంకా చిన్న షెడ్డు. నాలుగోదానిలో నా తల కప్పుకు తగులుతుంది. సీసా ఖాళీ.

కస్తూరి పటం విప్పుతుంది. నేలను అదరగొట్టి, తిరిగొచ్చిన అదురును బట్టి గీసిన పటం. అట్టడుగున మూసుకుపోయిన గది. అందులో సీసా పట్టుకుని వంగిన మనిషి. గది చుట్టూ ఉన్న రాయికి రెండు నిలువు గీతలు.

"ఇదేంటి బాబాయ్, ఈ రాయికి ఎర్రగీత ఎడమవైపు గీశారు?"

తీసిన ప్రతి రాయికీ నిలువునా రెండు గీతలు గీస్తాం. ఎర్రది కుడివైపు, నల్లది ఎడమవైపు ఉండేలా నిలబెడితే పైభాగం పైనుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారే, ఈ రాయికే, తిరగేసి గీశాను. ఆ పన్నెండో రోజున. ఎవరికీ చెప్పలేదు.

"అయితే కింద అనుకున్నది పైనండి. ఆవిడ పైనున్నారు. లోతులో ఉన్నది మీరు."

"మరి మీరో, మేడం?"

"నాకు భోజనం టైమైందండి."

కస్తూరి సన్నటి మనిషి. పటంలోని రెండు గీతల మధ్య నుంచి వెళ్లిపోతుంది. పటం తనంతట తనే చుట్టుకుంటుంది.

దగ్గు ఇప్పుడు కప్పు మీద వినిపిస్తోంది.

"తాయారూ," అంటాను. మాట రాతికి తగిలి నా నోట్లోకే తిరిగొస్తుంది. గట్టిగా అరుస్తాను. అదీ తిరిగొస్తుంది, పళ్లు అదిరేలా.

పైనుంచి ఒక చుక్క నా భుజం మీద పడుతుంది. భుజం బుసబుసమని పొంగుతుంది. తరవాత వెచ్చటి నాలుక ఒకటి దిగి, మెడ నుంచి మోచేతి దాకా తడుపుతుంది.

"సున్నపురాయేనండి," అంటోంది మంగతాయారు, ఎవరితోనో. "లోపలేదో అదురుతుంది గానీ, బయటికి దారి లేదు. పెట్టెలో పెట్టేయండి."

నా వెన్ను పొడవునా రెండు గీతలు గీస్తుంది. ఎర్రది కుడివైపు. ఎక్కడా వంకర లేదు.

మూత దిగుతుంది.