అన్న పెన్ను

సీటు ఖాయం చేసుకోవడానికి సాయంత్రం ఐదింటిదాకానే గడువు. నాలుగు కావస్తున్నా చిట్టి కంప్యూటర్ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటూనే ఉంది. రెండు యూనివర్సిటీలు రమ్మన్నాయి. ఒకచోట ఎంబీఏ ఫైనాన్స్. ఇంకోచోట యాక్చూరియల్ సైన్స్, అంటే ఏ వయసువాళ్లు వెయ్యిమందిలో ఏడాదికి ఎందరు పోతారో లెక్కగట్టి, బీమా కంపెనీ ఎంత ప్రీమియం తీసుకోవాలో తేల్చే పీజీ. చిట్టికి మనసంతా దాని మీదే.

మరి అదే నొక్కేస్తే పోలా అంటారు. నొక్కనిస్తేగా! ఆ ఎంబీఏ సీటు రెండేళ్ల కిందట వాళ్లన్నకి వచ్చింది. ఇంకో వారంలో చేరతాడనగా బైకు మీద వెళ్తూ లారీ కింద పడి పోయాడు. అప్పట్నుంచి చుట్టాలంతా కలిసి ఆ చదువు తెచ్చి ఈ పిల్ల నెత్తిన పెట్టారు. పొద్దున కూడా బాబాయి ఫోన్ చేశాడు.

"వాడి కోరిక నువ్వే తీర్చాలమ్మా. ఎంబీఏ అంటే రాజమార్గం. ఆ చావుల లెక్కలు మనకెందుకు చెప్పు?"

ఉచిత సలహాకి ఖర్చేముంది!

బాబాయి మాటనైతే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. ఆమెని ఆపింది ఒక చప్పుడు. చదువుకునేటప్పుడు పెన్ను వెనక మీట నొక్కుతూ ఉండడం అన్నకి అలవాటు. టిక్కు, టిక్కు. తల పగిలిపోతోందని చిట్టి ఎన్నిసార్లు కసిరిందో! ఏడాదిగా ఆ చప్పుడు మళ్లీ వినిపిస్తోంది, ఖాళీగా ఉన్న అన్న గదిలోంచి. ఈమె పుస్తకం తీస్తే చాలు, మొదలు. పిచ్చి పట్టిందంటారని ఎవరికీ చెప్పలేదు. తన సీటు వదిలెయ్యొద్దని అన్నే అంటున్నాడనుకుంది.

ఇవాళ తెగించి యాక్చూరియల్ పేజీ తెరిచింది. టిక్కు. మౌస్ వదిలేసింది. టిక్కు, టిక్కు.

"నన్ను వదిలెయ్ అన్నయ్యా!" అని అరిచేసింది. ఏడుస్తూనే వెళ్లి ఆ గది తలుపు తోసింది.

మంచం అంచున అమ్మ కూర్చుని ఉంది. చేతిలో అన్న నీలం పెన్ను.

"నువ్వా? ఇన్నాళ్లూ నువ్వేనా?"

అమ్మ పెన్నుని పిడికిట్లో దాచబోయి మానేసింది.

"మొదట ఊరికే నొక్కానే. ఈ తలుపు సందులోంచి నువ్వు కనిపిస్తావుగా. చప్పుడుకి తలెత్తి, వాడు లోపలున్నట్టే గోడకేసి చూశావు. నాకు మళ్లీ ఇద్దరు పిల్లలున్నట్టు అనిపించింది. ఇక మానలేకపోయాను."

"భయంతో చచ్చిపోతున్నానమ్మా! అన్నయ్య వద్దంటున్నాడనుకున్నా."

"వాడా? నీ ఇష్టానికి వాడెప్పుడు అడ్డమొచ్చాడే? తప్పు నాది. వెళ్లు, నీకు నచ్చింది తీసుకో. వాడి చదువు వాడితోనే పోయింది, నువ్వు మొయ్యకు."

ఐదుకి పది నిమిషాలుందనగా చిట్టి యాక్చూరియల్ సీటు ఖాయం చేసింది. పక్కన తెరిచి ఉన్న పుస్తకంలో, ఏ వయసులో ఏడాదికి ఎందరు పోతారో చెప్పే పట్టికలో, ఇరవై నాలుగేళ్ల వరుసకి ఎదురుగా వెయ్యికి ఒక్కరు అని ఉంది. పోయేనాటికి అన్న వయసు అదే.

గోడ అవతల చడీచప్పుడూ లేదు. చిట్టి ఒక నిమిషం ఆగింది, రెండు నిమిషాలు ఆగింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"అమ్మా," అని పిలిచింది, "ఒక్కసారి నొక్కవూ."