ఈదమ్మ బదులు

యాదలక్ష్మి అంటే నాకు మొదటి రోజు నుంచీ ఒళ్లుమంట. ఇబ్రహీంపట్నంలో స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్లో నేను సూపర్‌వైజర్ని, పుట్టి పెరిగింది ఈ వైపు కాదు. హయత్‌నగర్ నుంచి ముప్పావు గంట బస్సులో నిలబడి వచ్చి లోపల అడుగు పెట్టగానే పద్నాలుగు మిషన్ల దగ్గర మాటలు టక్కున ఆగిపోతాయి. అందరికంటే ముందు నోరు మూసేది యాచారం నుంచి వచ్చే యాదలక్ష్మే. నేను గది దాటగానే అందరికంటే ముందు తెరిచేదీ ఆవిడే.

ఏప్రిల్లో మా మేనేజర్ జోగారావు గారు ఏదో శిక్షణకి వెళ్లొచ్చి, గోడకి ఒక తెల్లబోర్డు తగిలించారు. పైన నీలం అక్షరాలతో ‘సాయం చేద్దాం, ఎదుగుదాం’ అని రాయించారు. ఎవరు ఎవరికి సాయం చేశారో దాని మీద రాయాలి. ఎక్కువసార్లు పేరొచ్చిన వాళ్లకి నెలాఖరున ఒక స్టీలు డబ్బా, అందరి చప్పట్లు. మనమంతా ఒక కుటుంబం అనేవారు ఆయన. అదే నోటితో, బాత్రూముకి వెళ్లిన మనిషి ఎంతసేపటికి వచ్చిందో కూడా నన్ను అడిగేవారు.

మూడు వారాలైనా బోర్డు మీద ఒక్క అక్షరం పడలేదు.

“మీ లైన్లో మనుషులున్నారా, రాళ్లున్నాయా వసంతలక్ష్మి గారూ?” అన్నారు ఒకరోజు, అందరి ముందే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నమే చూశాను. యాదలక్ష్మి పక్క మిషన్ మీది కాలర్ల కట్ట తీసుకుని తన మిషన్ మీద కుట్టేస్తోంది. ఆ పక్క మిషన్ ఈదమ్మది. యాభై దాటిన మనిషి, కుడికంట్లో శుక్లం. వచ్చే నెల ఆపరేషన్ ఉంది.

“ఆ కట్ట నీది కాదు కదా?” అన్నాను.

“ఈదమ్మక్కది. బదులు చేస్తున్న.”

“రోజూనా?”

“అవ్. రోజుకో కట్ట.”

ఇంకేం కావాలి? నచ్చని మనిషిని కూడా మెచ్చుకునే పెద్దమనసు నాకుందని మురిసిపోతూ, బోర్డు మీద గుండ్రంగా రాశాను: ‘ఈదమ్మ బదులు యాదలక్ష్మి: రోజూ ఒక కట్ట కాలర్లు.’

మర్నాడు పొద్దున్నే జోగారావు గారు అది చదివి ఈదమ్మని పిలిచారు.

“నీ పని ఆవిడ చేస్తుంటే ఇక నువ్వెందుకమ్మా ఇక్కడ? సాయంత్రానికి నీ నాలుగు కట్టలూ నువ్వే కుట్టాలి. ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. అవ్వలేదా, రేపట్నుంచి రావద్దు.”

ఈదమ్మ కొంగుతో కన్ను తుడుచుకుని మిషన్ దగ్గరికి వెళ్లింది. ఈ పని పోతే, సగం చూపున్న మనిషిని ఈ ఊళ్లో మరొకరు పనిలో పెట్టుకోరని అక్కడ అందరికీ తెలుసు.

యాదలక్ష్మి నా మీదికి వచ్చింది. “ఏం రాసినవ్ మేడం నువ్వు?”

“నువ్వు చెప్పిందే. బదులు అన్నావు కదా?”

“బదులంటె ఏంది మీ దిక్కు?”

“ఒకరి చోట ఇంకొకరు చెయ్యడం.”

“గిది తెల్వకనే మా మీద సూపర్‌వైజర్‌వైనవా? ఇయ్యాల నీ చేన్ల నేను కలుపు తీస్త, రేపు నా చేన్ల నువ్వు తీస్తవ్. గది బదులు. నా బిడ్డ డెంగీతోని దవాఖాన్ల పడ్డప్పుడు నేను నిద్ర లేక మిషన్ మీద తూలుతుంటె, పదిహేను దినాలు నా సగం కాలర్లు గీ అక్కనే కుట్టింది. గప్పుడు నీకు కానరాలె.”

“మరి అదే బోర్డు మీద రాయొచ్చు కదా?”

“రాసుకుంటె గది బదులెట్లయితది?”

నా చెంపలు మండాయి. తప్పు నాదని తెలిసి మరీ మండాయి. జోగారావు గారి దగ్గరికి వెళ్లి ఆ మాటకి ఇక్కడ అర్థం వేరని చెప్పాను.

“ఇప్పుడు తెలుగు కూడా మీరే నేర్పుతారా నాకు? వెళ్లండి,” అన్నారు తల ఎత్తకుండానే.

నేను తిరిగొచ్చేసరికి యాదలక్ష్మి గది మధ్యలో నిలబడి ఉంది. “అందరు విన్నరు గద? సాయం వద్దని సారే చెప్పిండు. ఇయ్యాల ఎవ్వల పని వాల్లదే.”

లొంగిపోయారనుకున్నాను. నా తెలివి అంతే.

పదకొండింటికి ముత్యాలు మిషన్లో బాబిన్ ఇరుక్కుంది. రోజూ యాదలక్ష్మి ఒక్క నిమిషంలో సరిచేసేది. ఈ రోజు తల కూడా తిప్పలేదు. ముత్యాలు చేతులు కట్టుకుని కూర్చుంది. “మెకానిక్‌ని పిల్వు మేడం.” మెకానిక్ హయత్‌నగర్‌లో ఉంటాడు. నాలుగింటికి గాని రానన్నాడు.

నర్మద కుట్టిన చొక్కా చేతులు ఆమె కాళ్ల దగ్గరే గుట్టపడ్డాయి. “పక్క మిషన్‌కి ఇవ్వచ్చుగా?” అంటే, “నా పని కుట్టుడు మేడం, మోసుడు గాదు,” అంది.

ఈదమ్మ దారం తెగింది. కొస తడిచేసి సూది బెజ్జం కోసం వెతుక్కుంటోంది. ఒకసారి, పదిసార్లు. రోజూ ఎవరో ఒకరు ఎక్కించేవారు. ఈ రోజు ఎవరూ లేవలేదు. యాదలక్ష్మి దవడలు బిగించి గోడవైపు చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ మీద కోపమూ వచ్చింది.

రెండింటికల్లా లైన్ మొత్తం ఆగిపోయింది. సాయంత్రానికి కందుకూరు స్కూలుకి ఆరువందల చొక్కాలు వెళ్లాలి. జోగారావు గారు పరుగున వచ్చారు. “ఏంటిది? ఒకరికొకరు కాస్త సాయం చేసుకోండమ్మా!”

“బోర్డు మీద రాయాల్నా సార్?” అంది నర్మద.

ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగారు. “చూస్తూ నిలబడ్డారేం? ఏదో ఒకటి చెయ్యండి!”

నేను తడిబట్ట తీసుకుని నేను రాసిన వరసని తుడిచేశాను. “రేపు ఈదమ్మ వస్తుంది. కన్ను బాగయ్యేదాకా ఆమె కట్ట ఎవరు కుట్టినా మీరు అడగరు,” అన్నాను. ఆరేళ్లలో ఆయన ముందు నా గొంతు అంత లేవలేదు.

ఆయన గడియారం చూశారు. “అడగను. ముందు పని కానివ్వండి.”

నాకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు. యాదలక్ష్మి లేచి మొదట ఈదమ్మ సూదిలో దారం ఎక్కించింది, తర్వాత ముత్యాలు మిషన్లో ఇరుక్కున్న బాబిన్ లాగింది. మిషన్లు కదిలాయి. అయినా టైము చాలదు. నేను ఖాళీ మిషన్ దగ్గర కూర్చుని ఈదమ్మ కట్టలోంచి ఒక కాలర్ తీసుకున్నాను. మిషన్ తొక్కి ఎనిమిదేళ్లయింది.

యాదలక్ష్మి వచ్చి దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. బ్లేడుతో కుట్లన్నీ విప్పి నా ఒళ్లో పడేసింది. “వంకర వోయింది. మల్ల కుట్టు.”

మేడం లేదు, ఏమీ లేదు. మళ్లీ కుట్టాను. అదీ విప్పేసింది.

మూడోసారి విప్పలేదు. కట్టలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి నేను ఎక్కడా రాయలేదు.