తొమ్మిదడుగుల వంటిల్లు

ఉగ్గాణికి బొరుగులు తడిపి పిండుతుంటే గల్లా దగ్గర్నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "మూడోసారి కూడా ప్లాన్ వెనక్కి పంపినారమ్మా." ఆ మాట చెప్పింది నాకు కాదు, వాళ్లమ్మకు. హోటలు సంగతులు నాతో మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. నాదాకా వచ్చేవి ఆర్డర్లే. రెండుగ్గాణి, ఒక సాంబారన్నం, జల్దీ.

ఎమ్మిగనూరు బస్టాండు పక్కన మాది చిన్న భోజన హోటలు. ఉల్లి, వెల్లుల్లి లేని మడి వంటని మంత్రాలయం పోయే యాత్రికులు వెతుక్కుంటూ వస్తారు. ఆ మడి నేనే. తెల్లవారకముందే తలమీద చల్లటి నీళ్లు పోసుకుని, మడిచీర కట్టి పొయ్యి ముట్టించేది నేను. గడపలో పీట వేసుకుని కూర్చుని, కన్నకొడుకునైనా సరే లోపలికి రానివ్వనిది మా అత్తగారు. పన్నెండేళ్లుగా మా ఆయన ఆ గడప దాటలేదు. కాపురానికొచ్చిన కొత్తలో, పొగకు దగ్గు వస్తోంది, కిటికీ పెట్టించమని అడిగితే, "పొగకు దగ్గని వంటమనిషి యాడుంటాది?" అన్నారు అత్తగారు. ఆయన నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

శ్రావణంలో మంత్రాలయంలో జరిగే రాయర ఆరాధనకు జనం వచ్చేలోపు హోటలు పెద్దది చేయాలని, ఉగాది కాగానే ఆయన మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టారు. ఆషాఢం వచ్చింది. "ఆఫీసోళ్లకు మనమంటే గిట్టదు" అని రోజూ తిట్టేవారు. ఆ మధ్యాహ్నం వంట దింపి, మడి విడిచి ఇవతలికి వచ్చేసరికి ఆయన గల్లా పక్కన తన గదిలో ఫ్యాను కింద కునుకు తీస్తున్నారు. బల్ల మీద ప్లాను చుట్ట ఉంది. విప్పాను.

దానికి గుచ్చిన కాగితంలో ఆఫీసువాళ్లు అడిగినవి మూడే మూడు. లోపలి కొలతలు బయటి గోడల కొలతతో కలవడం లేదు, సరిచేయండి. పొగ బయటికి పోయే దారి చూపండి. వాడిన నీళ్లు ఎటు పోతాయో చూపండి. మూడుసార్లూ అవే ప్రశ్నలు. మూడింటికీ జవాబు నాకు తెలుసు. ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. ప్లాను గీసే సుంకప్పను గడప బయటే ఆపేశారు అత్తగారు. వంటిల్లు ఎంతుంటుందని అతను అడిగితే, మా ఆయన రెండు చేతులూ చాపి, "పన్నెండడుగుల వెడల్పుంటాదిలే, రాసుకో" అన్నారట. పన్నెండేళ్లు నేను వండి పెట్టింది కాగితం మీద ఆయన చేతులు చాపినంత.

అంతటితో ఆగితే బాగుండేది. ప్లానులో ఆ వంటింటి వెడల్పులోంచి నాలుగడుగులు తెగ్గోసి హాల్లో కలిపారు, టేబుళ్లకు.

పక్కింటి మహాదేవమ్మ మగ్గం మీద చీరలు నేసి అమ్ముతుంది. వాళ్లింట్లో పాతకాలపు ఇనప గజంబద్ద ఉంది. గుడ్డ టేపు మడికి పనికిరాదు, ఇనుమైతే కడుక్కోవచ్చు. వెళ్లి అడిగాను.

"దీంతో వంటింట్లో ఏం కొలుస్తావు తల్లీ, కోకలా?"

"గోడలు."

"కొలువు కొలువు. మీ అత్త సూస్తే మాత్రం నా పేరు సెప్పొద్దు."

మర్నాడు పొయ్యి ముట్టించకముందే బద్ద కడిగి పని మొదలుపెట్టాను. పొడవు పద్నాలుగు. వెడల్పు తొమ్మిది. తొమ్మిదే. మళ్లీ కొలిచాను. ఆదోనిలో పదో తరగతి లెక్కల్లో నూటికి తొంభై ఆరు తెచ్చుకున్న పిల్ల ఎక్కడినుంచో లేచొచ్చి నా పక్కన నిలబడింది. తొమ్మిదిలో నాలుగు పోతే ఐదు. ఆ ఐదడుగుల్లో రెండు పొయ్యిలు, గంగాళం, నేను.

"ఏమే తులసీ, గోడలకు పూజ చేస్తాండావా?" గడపలోంచి అత్తగారు.

"కొలుస్తాండానత్తా. కడిగిన ఇనుమే, మైల లేదు."

"చదువుకున్న కోడలొద్దని ఆ పొద్దే చెప్పినా." అన్నారే గానీ, అడ్డుపెట్టడానికి ఆవిడకు మడిలో దారి దొరకలేదు.

మూడు మధ్యాహ్నాలు కూర్చుని నోటుబుక్కు కాగితాలు అతికించి గీశాను. అంత సంతోషం ఎన్నేళ్లయిందో. పప్పు పొంగుతున్నా, చేతిలో గరిటె తిరుగుతున్నా తలలో గీతలే. తూర్పు గోడకు కిటికీ. పొయ్యిల మీద పొగగొట్టం. తొట్టి నుంచి సందులోకి కాలువ. వంటింటి వెడల్పు తొమ్మిదడుగులూ అలాగే ఉంది. టేబుళ్లకు చోటు వేరేచోట దొరికింది.

సుంకప్ప ఆ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "మూడు నెల్లు నేను ఊహించి గీస్తినమ్మా" అని తలగోక్కున్నాడు. రెండు రోజుల్లో పెద్ద షీటు మీద ఎక్కించి సంతకం చేసి ఇచ్చాడు. దాన్ని మా ఆయన ముందు పరిచి, "చూసి సంతకం పెట్టండి" అన్నాను. "చూసేదేముంది, కొలతలు సరిచేసినావు కదా" అని ఆవలిస్తూ పెట్టేశారు.

ఆఫీసుకు నేనే వెళ్లాను. మర్నాడే ఇన్‌స్పెక్టరు అయ్యన్న వచ్చి గడప బయట నిలబడ్డాడు. నేను లోపల ఒక్కో గోడకు బద్ద ఆనించి కేకేస్తుంటే అతను కాగితం మీద టిక్కు కొట్టుకున్నాడు. "కాలువ వాలు ఎటు?" అంటే చెంబెడు నీళ్లు పోసి చూపించాను. "ఇంత పద్ధతిగా ఎవరూ తీసుకురారమ్మా. అడగడానికి ఏమీ మిగల్లేదు" అన్నాడు. మూడు నెలలు తిరిగిన ప్లాను ఎనిమిదో రోజు సీలు పడి వచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. గట్టిగా నవ్వాలనిపించింది, నవ్వాను కూడా.

మా ఆయన అప్పుడు చూశారు. వేలు హాలు మీద తిరిగింది, వంటింటి గోడ దగ్గర ఆగింది, మళ్లీ హాలుకు వచ్చింది.

"నాలుగడుగులు కలపలేదే. మరి టేబుళ్లు యాడ?"

చూపించాను.

"ఇది నా గది కదా."

"అవును. మధ్యాహ్నం రెండు గంటలు తప్ప ఖాళీగానే ఉంటాది."

"వంటింటికి కిటికీ ఎవరడిగినారు?"

"నేనడిగినాను. పన్నెండేళ్ల కిందట."

ఆయన మొహం ఎర్రబడింది. అత్తగారు కొడుకు వైపు చూశారు, నా వైపు చూశారు. ఆయన ప్లాను చుట్ట చుట్టి బల్ల మీద పడేశారు.

"మళ్లీ దరఖాస్తు పెడతా. నా ప్లానే పెడతా."

"పెట్టండి" అన్నాను. "ఈసారి తెల్లారి నాలుగింటికే తలస్నానం చేసి, మడి కట్టుకుని, పొయ్యి దగ్గరికి మీరే వచ్చి కొలుచుకోండి."